తెల్లమ్మ మరణ తేది

మా మండలంలో కోట లేదు. ఒకప్పుడు ఉండేదని చెప్పుకోవడానికి కూలిన గోడ ముక్కైనా లేదు. ఏ రాజూ మా మీదికి దండెత్తి రాలేదు. వచ్చినా ఇక్కడ దోచుకుపోవడానికి ఉలవలు తప్ప ఏమీ లేవు కాబట్టి, గుర్రాలకు రెండు గుప్పిళ్లు పెట్టించుకుని వెనక్కి పోయుంటాడు. ఇన్నేళ్లుగా ఇదొక లోటని మాకు తెలియదు. పైనుంచి ఉత్తర్వు వచ్చిన యేడు తెలిసింది.

ప్రతి మండలమూ తనదైన వారసత్వ సంపదను ఒకదాన్ని గుర్తించి, దాని వాస్తవ చరిత్రను నిర్ణీత నమూనాలో డిసెంబరు నెలాఖరులోగా పంపాలని ఆ ఉత్తర్వు. కోటలున్న మండలాలు కోటల గురించి రాసి పంపాయి. గుహలున్నవి గుహల గురించి పంపాయి. మాలాంటి వాళ్ల కోసం అడుగున ఒక వాక్యం చేర్చారు: "పై వాటిలో ఏదియూ లేనిచో, స్థానికముగా ప్రచారములో ఉన్న భయములు సైతం వారసత్వముగా పరిగణింపబడును."

భయాలకు మా దగ్గర కరువు లేదు. వాన రాదని ఒక భయం, వస్తే పంట కళ్లంలో ఉన్నప్పుడే వస్తుందని ఇంకో భయం. కానీ అవి ప్రతి మండలానికీ ఉన్నాయట, ప్రత్యేకత కింద రావట. మాకే సొంతమైన భయం ఒక్కటే మిగిలింది. అది తెల్లమ్మ.

మా కొండుపల్లె దాటగానే తారురోడ్డు గుట్టను చుట్టుకుని పడమటికి తిరుగుతుంది. దాన్ని తెల్లమ్మ మలుపంటారు. నిలువెల్లా తెల్లగా ఉండే ఆడమనిషి ఒకతె అక్కడ రోడ్డుకు అడ్డం నిలబడి, చేతులెత్తి బండ్లను ఆపుతుందనీ, "నా మీద తొక్కుకుంటా పో" అంటుందనీ మూడు రాష్ట్రాల లారీ డ్రైవర్లకు తెలుసు. పెళ్లిబట్టలతోనే లారీ కింద పడిన పిల్ల అని కొందరు, కాన్పుకు పోతూ దారిలో పోయిన తల్లి అని కొందరు చెబుతారు. ఎవరి కథ వాళ్లదే అయినా చేసే పని మాత్రం అందరిదీ ఒకటే. మలుపు దగ్గర గేరు తగ్గించి, నడక వేగానికి దిగి, ఒక నిమ్మకాయ రోడ్డు పక్కకు విసిరి, మలుపు దాటేదాకా నోరు మెదపరు.

ఆ నిమ్మకాయలను మా ఊరి మద్దక్క ఏరుకుని ఊరగాయ పెడుతుంది. మా వీధిలో ఆ ఊరగాయ తినని ఇల్లు లేదు.

నేను చరిత్రలో బీయే. మా ఊళ్లో ఆ చదువు చదివింది నేనొక్కడినే కావడంతో నన్ను "స్థానిక వనరుల వ్యక్తి"గా నియమించారు. ఊళ్లో ఉన్న వనరులన్నింటిలో నేనే చౌక అని దాని అర్థమని మద్దక్క అంది. వాస్తవ చరిత్ర నిర్ధారణ ఉపసంఘం అధ్యక్షులు పురుషోత్తం గారు జిల్లా కేంద్రం నుంచి వచ్చిన రోజు నేను ఎదురెళ్లి, ఆయన్ను మలుపులోనే ఉన్న దస్తగిరి టీ హోటలుకు తీసుకుపోయాను.

పురుషోత్తం గారు పక్కన ఎవరో రాసుకుంటున్నట్టుగా మాట్లాడే మనిషి. బల్ల మీద నమూనా పరిచి, కలం తీసి, దస్తగిరిని అడిగారు.

"ఈ తెల్లమ్మ అను వ్యక్తి యొక్క పూర్వాపరములు తమకేమైనా విదితమా?"

"తెలీకేమి సార్, రోజూ నా కాడికే వస్తాది టీ తాగను."

కలం ఆగిపోయింది. "ఎవరు?"

"తెల్లమ్మే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. చక్కెర తక్కువ ఎయ్యల్ల."

పురుషోత్తం గారు నా వైపు చూశారు. చరిత్రలో బీయే చేసినవాడిగా నిజం చెప్పడం నా బాధ్యత అనుకున్నాను. తెల్లమ్మంటే మద్దక్కేనని, అది ఊరంతటికీ తెలుసునని చెప్పాను. ఈలోగా మద్దక్కే వచ్చింది. అరవై దాటిన మనిషి. కొడవలి చంకలో పెట్టుకుని, బెంచీ మీద ఆయన ఎదురుగా కూర్చుని, గాజుగ్లాసు అందుకుంది.

"ఏమప్పా బీయ్యే, ఈ సారేనా దయ్యాలు రాసుకోను వచ్చింది?" అంది నాతో.

"జరిగింది జరిగినట్టు చెప్పు పెద్దమ్మా" అన్నాను.

"చెప్పేకేముంది సారూ. ముప్పైరెండేండ్లు అయింటాది. రోడ్డుకు కొత్తగ తారు పోసినారు. మా ఎద్దులు ఆ యేడే సచ్చిపాయ. కళ్లం తొక్కిచ్చేకి ఎద్దుల్లేవు. అందురూ కాయల్తోనే ఉలవకట్టె కోసుకొచ్చి రోడ్డు మీద పరుస్తాంటే నేనూ పరిస్తిని. లారీలు తొక్కుకుంటా పోతే గింజ రాల్తాది. ఎద్దులకన్నా బాగ తొక్కుతాయి సారూ అవి, మేత గూడ అడగవు. సాయంత్రం గాలి మళ్లినాక చాటెత్తి తూర్పార పడ్తాండా. నెత్తికి తెల్ల తుండుగుడ్డ, ఒళ్లంతా పొట్టు, దుమ్ము. అప్పుడొక లారీ వచ్చె. యాడ నా ఉలవలు తొక్కకుండ పక్కకు తిప్పుకోని పోతాడో అని నడిమధ్యన నిలబడి చాట ఊపితిని. 'దీని మీదనే తొక్కుకుంటా పో నాయనా' అంటి. ఆయప్ప లారీ ఆడనే ఇడ్సిపెట్టి ఊర్లేకి పరుగెత్తె."

"తదనంతరము?"

"తదనంతరమేముంది సారూ. లారీ రోడ్డుకు అడ్డముండిపాయ. ఆ పొద్దుకు ఇంకో బండి రాలే. సగం ఉలవలు అట్లనే మిగిలిపాయ."

ముప్పైరెండేళ్ల తరవాత కూడా ఆ సగం ఉలవల బాధ ఆమె గొంతులో తగ్గలేదు.

"మరి ఈ అపోహను తాము ఎందులకు ఖండించలేదు?"

మద్దక్క టీ ఊదుకుంది. "మొదట్ల చెప్తిమి సారూ, ఎవురూ నమ్మలే. అంతకు నెల ముందరే మా మరిది లింగన్న ఈ మలుపులోనే గింజలెత్తుతా కాలు పోగొట్టుకున్యాడు. లారీ వాళ్లు ఆగేటోళ్లు కాదు. తెల్లమ్మ వచ్చినాక ఈడ ఒక కోడి గూడ సావలే. ఇంగ ఏంటికి చెప్పల్ల?"

పురుషోత్తం గారు ఒక్కో గడీ నింపుకుంటూ పోయారు. పేరు, లింగము, కనిపించు వేళలు, వస్త్రధారణ. ఏడో గడి దగ్గర తలెత్తారు.

"మరణ తేది?"

"ఎవురిది సారూ?"

"తెల్లమ్మది."

"నేనే గదా తెల్లమ్మను. ఇంగా సావలే."

"అమ్మా, ఏడవ గడి ఖాళీగా ఉన్నచో కంప్యూటరు ఎనిమిదవ గడికి పోదు."

"ఎనిమిదోది ఏంటిది సార్?" అన్నాడు దస్తగిరి.

"దయ్యము యొక్క ప్రస్తుత చిరునామా."

ఆయన నమూనా వెనక్కి తిప్పి నిబంధనలు చదివారు. జీవించియున్న వ్యక్తి తానే దయ్యమని చెప్పుకొనుట స్వయం ప్రకటన మాత్రమే అగుననీ, అది చారిత్రక ఆధారముగా చెల్లదనీ తేల్చారు. తరవాత గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా, "సమీప భవిష్యత్తులో ఏమైనా..." అని ఆపేశారు.

"వచ్చే యేడు చూస్తాం సారూ. ఈ యేడు ఉలవలు తొక్కిచ్చేది ఉండాది" అంది మద్దక్క.

అలా ఆమె ఆ నమూనాలో తెల్లమ్మగా కాకుండా "ప్రత్యక్ష సాక్షి, నంబరు ఒకటి"గా నమోదైంది. ఏడో గడి సంగతి కంప్యూటరే చూసుకుంది. తేది చెప్పలేని చోట అది తనంతట తానే 1-1-1900 అని వేసుకుంటుందట. ఎనిమిదో గడి తెరుచుకుంది. పురుషోత్తం గారు ఊపిరి పీల్చుకున్నారు.

ఆ ఒక్క తేదీతో తెల్లమ్మ రాష్ట్రంలోకెల్లా సీనియర్ దయ్యమైంది. పక్క జిల్లా దయ్యానికి ఎంత లాగినా డెబ్భై ఏళ్లే. పై కార్యాలయం నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. దాంతోపాటు రోడ్డు ఇంజనీరుకు ఒక తాఖీదు పోయింది: 1900వ సంవత్సరము జనవరి ఒకటవ తేదీన లారీ ప్రమాదము జరిగియుండగా, సదరు రోడ్డు ముప్పైరెండేండ్ల క్రితమే వేయబడినట్లు మీ దస్త్రములు చూపుటకు కారణమేమి? ఆ ఇంజనీరు కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లవాడు. వారం రోజులు నిద్ర మానుకుని, రోడ్డు వేయడానికి ముందు అక్కడ రోడ్డు లేదని వివరణ రాశాడు. వివరణ సంతృప్తికరముగా లేదని తిప్పి పంపారు. రెండోసారి, రోడ్డు అప్పుడే ఉండి ఉండవచ్చునని, తారు మాత్రం ఆలస్యంగా అందిందని రాశాడు. అది ఆమోదించారు.

ఇదంతా మాకు వినోదంగానే ఉంది. ఆ తరవాతి సోమవారం మలుపుకు అటొకటి ఇటొకటి ఎర్రతెల్ల చారల అడ్డుకట్టలు దిగాయి. పక్కన ఒక బోర్డు:

"తెల్లమ్మ మలుపు. రక్షిత భయ ప్రాంతము. భయమునకు హాని కలిగించువారు శిక్షార్హులు."

వారసత్వ సంపదకు వాహనాల వల్ల అరుగుదల ఉంటుందని నిబంధన. కోటలకు రాసిన నిబంధనే మాకూ వర్తించింది. బండ్లన్నిటినీ వంక దారి గుండా చుట్టు తిప్పేశారు.

అదే వారం మద్దక్క ఉలవలు కోతకొచ్చాయి.

ఆ యేడు వేరుశెనగ ఊడలు దిగే వేళకే ఎండిపోయింది. మద్దక్కకు మిగిలింది నాలుగెకరాల ఉలవ. ఇంటిల్లిపాది ఏడాది తిండి, మేకల మేత, మళ్లీ చల్లుకోవడానికి విత్తనం, అన్నీ అందులోనే. మా ఊళ్లో ఎద్దులు పోయి చాలా ఏళ్లయింది. ట్రాక్టర్లు వరికోతలకని డెల్టా వైపు పోయాయి, సంక్రాంతి దాటితే గాని రావు. ఉన్నది ఆ రోడ్డొక్కటే. ఎప్పటిలాగే ఆమె కట్టె తెచ్చి మలుపులో పరిచి, అంచున రాళ్లు పెట్టి, బండ్ల కోసం కూర్చుంది. మూడు రోజుల్లో ఒక సైకిలు వచ్చింది, రెండు మేకలు వచ్చాయి. మేకలు తొక్కలేదు, తినిపోయాయి. నాలుగో రోజు దస్తగిరి హోటల్లో టీవీ చూస్తుంటే సముద్రంలో వాయుగుండం పడిందని, వారంలో మా వైపు వానలని చెప్పారు.

మద్దక్క కట్టెనంతా ఎత్తి రోడ్డు పక్కన వామి వేసి, పరదా కప్పి, నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయింది. పురుషోత్తం గారు మండలంలో వాడకుండా ఉన్న పశువైద్యశాలలో మకాం పెట్టారు. వెనక గోడ మీద ఇంకా గేదె బొమ్మ ఉంది.

"సారూ, బండ్లను మళ్లీ ఇయ్యండి" అంది.

"ఏ బండ్లమ్మా?"

"రోడ్డు మీద పోయేటివి."

"వాహన సంచారము వలన భయ వాతావరణము పలుచబడునని నిపుణుల అభిప్రాయము."

"బండ్లే ల్యాకుంటే భయపడేది ఎవురు సారూ?"

ఆయన కాసేపు గేదె బొమ్మ వైపు చూశారు. "ఆ అంశము మా పరిధిలోనికి రాదు. అయితే మినహాయింపు కోరు అవకాశము కలదు. సదరు మలుపునకు హక్కుదారైన తెల్లమ్మయే దరఖాస్తు చేసుకొనవలెను."

"తీయండి కాగితం, ఏలిముద్ర ఏస్తా."

"ఎట్లు వేయుదురు? తాము తెల్లమ్మ అయినచో 1900లోనే మరణించియున్నారు. మరణించినవారి వేలిముద్ర చెల్లదు. తెల్లమ్మ కానిచో, ఆమె పక్షమున వేయు అధికారము తమకు లేదు."

మద్దక్క లెక్క చూసుకుంది. "రెండిట్ల ఏదైనా నా ఉలవలు రాలవన్న మాట."

"స్థూలముగా అంతే" అన్నారాయన. చెడ్డ మనిషి కాదు. మంచినీళ్లు కూడా ఇప్పించారు.

బయటికొచ్చాక మద్దక్క ఆకాశం వైపు చూసి, "ముప్పైరెండేండ్లు బతికున్న దయ్యంగా నెట్టుకొస్తిని బీయ్యే. సచ్చిన దయ్యంగా ఒక వారం నెట్టలేకపోతాండా" అంది. నవ్వుతూనే అంది గానీ, ఊరు చేరేదాకా ఆకాశం మీదినుంచి చూపు తిప్పలేదు.

రెండు రోజుల తరవాత పురుషోత్తం గారి జీపు దస్తగిరి హోటలు ముందు ఆగింది. ఆయన ముఖం నెత్తురు లేనట్టుంది. చేతిలో పైనుంచి వచ్చిన తాఖీదు. రక్షిత ప్రాంతముగా ప్రకటించిన నాటి నుండి సదరు దయ్యము ఒక్కసారియైనా కనిపించినట్లు నివేదిక లేదు. రక్షణ చర్యల వలన దయ్యమునకు నష్టము వాటిల్లినదా? ఐదు దినములలో దర్శనమును నిరూపించి నివేదించవలెను. లేనిచో హోదా రద్దుపరచి, "ఇచట దయ్యము లేదు" అను బోర్డును ఇరువైపులా స్థాపించవలెను. బాధ్యుడైన అధికారి వివరణ ఇచ్చుకొనవలెను.

"అట్ల బోర్డు పెడితే లారీలు గాల్లో పోతాయి సార్" అన్నాడు దస్తగిరి. బండ్లు లేక రెండు వారాలుగా అతని పాలు విరిగిపోతున్నాయి. అయినా ఆ మాట అన్నాడు.

అప్పుడే కర్ర టకటకమనిపించుకుంటూ లింగన్న రోడ్డు దాటుతున్నాడు. మద్దక్క అతన్ని చూసింది. తరవాత వామి వైపు, ఆ తరవాత తూర్పున కమ్ముకుంటున్న మబ్బు వైపు చూసింది. అన్నీ ఒక వరసలోనే ఉన్నాయి.

"అమ్మా, మీరు ప్రత్యక్ష సాక్షి" అన్నారు పురుషోత్తం గారు. ఆ 'మీరు'లో మొదటిసారి కొంచెం ప్రాధేయపాటు వినిపించింది. "ఆనాడు ఆమె కనిపించినప్పటి పరిస్థితులు ఏవి?"

మద్దక్క గ్లాసు కింద పెట్టింది. ఆమె ఆ పూట చెప్పినదాంట్లో అబద్ధమైన మాట ఒక్కటి కూడా లేదని నేను ఇప్పటికీ ప్రమాణం చేస్తాను.

"ఎండ బాగ కాస్తాండె సారూ. రోడ్డు మీద ఉలవకట్టె మోకాలెత్తు పరిచింటిమి."

ఆయన రాసుకున్నారు.

"బండ్లు పోతాండె. పొద్దున్నుంచి పోతా వస్తా, పోతా వస్తా. నిదానంగ పోతేనే. అప్పుడప్పుడు కట్టె తిరగేస్తాంటిమి."

"ఎందులకు?"

"ఆ పొద్దు తిరగేసింటిమి సారూ, అందుకే చెప్తాండా. సాయంత్రం గాలి మళ్లినాక బండ్లు ఆగిపాయ. అప్పుడు లేసినాది తెల్లగ."

పురుషోత్తం గారు కాగితం మీద పెద్దక్షరాలతో రాసి రెండు గీతలు గీశారు: పరిస్థితుల పునఃసృష్టి.

మర్నాడు పొద్దున పది గంటలకు పని మొదలైంది. ఐదు గంటల దాకానే, ఎందుకంటే దర్శనం కార్యాలయ వేళల్లోనే జరగాలి. అడ్డుకట్టలు తీసేశారు. జీపులు ఆరు, మంచినీళ్ల ట్యాంకరు ఒకటి, అగ్నిమాపక బండి ఒకటి, పశువుల అంబులెన్సు ఒకటి. ఒక్కో బండికి ఒక గుమాస్తా కూర్చుని, ఎన్నిసార్లు అటూ ఇటూ పోయిందీ, ఎదురుగా ఏమి కనిపించిందీ రాసుకోవాలి. గంటకు పది కిలోమీటర్లకు మించి పోరాదు. మద్దక్క వామి విప్పి, పరదా తీసి, మలుపు పొడుగునా మోకాలెత్తు పరిచింది. ఉత్తర్వు ప్రకారం.

రోడ్డు ఇంజనీరు పిల్లవాడు ఉత్సాహంగా రోడ్డు రోలరు కూడా తెచ్చాడు. మద్దక్క అడ్డం నిలబడింది.

"అది వద్దు సారూ."

"ఎందుకని?"

"ఆ పొద్దు రోలరు లేదు."

"చారిత్రక ప్రామాణికత" అన్నారు పురుషోత్తం గారు ఇంజనీరును కోపంగా చూస్తూ. రోలరు వెనక్కి పోయింది. గింజ పిండి కాకుండా బతికిపోయింది.

బండ్లు తిరుగుతున్నాయి. కాయలు పటపట పగులుతున్నాయి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు భోజన విరామం. ఆ అరగంటలో మద్దక్కా ఆమె కోడలూ పంగలకట్టెలతో కట్టెనంతా తిరగేశారు. రెండు గంటలకు మళ్లీ బండ్లు. సాయంత్రానికి నూట నలభై సార్లు తిరిగాయి. దర్శనం: లేదు.

రెండో రోజు పొద్దున్నే పురుషోత్తం గారు మద్దక్కను పక్కకు పిలిచారు. "ఆనాడు మీ ఉలవకట్టె మాత్రమే ఉన్నదా? వేరెవరిదైనా ఉండెనా?"

"అందురిదీ ఉండె సారూ."

గంటలో ఊరంతా దిగింది. రోడ్డు మీద కంది, జొన్న, ఉలవ, ఎవరి ముక్కకు వాళ్లు రాళ్లు పెట్టుకున్నారు. అగ్నిమాపక బండిని తన జొన్నల మీదికి మళ్లించుకోవడానికి లింగన్న డ్రైవరుకు బీడీ ఇచ్చాడు. ఒక గుమాస్తా తన లెక్కలో "ఎదురుగా కనిపించినవి" అన్న గడిలో "కోళ్లు" అని రాశాడు. దర్శనం: లేదు.

"బండ్లలో లోపమేమో" అని పురుషోత్తం గారు జిల్లా కేంద్రానికి ఫోను చేసి మరో ఐదు తెప్పించారు.

మూడో రోజుకు మబ్బు గుట్ట మీదికి వచ్చేసింది. ఊళ్లో తొక్కించాల్సిన కట్టె ఇంక మిగల్లేదు. నాలుగు గంటలకు తూర్పు గాలి మళ్లింది. ఐదుకు ముప్పావు గంట ముందు బండ్లన్నీ ఇటువైపు హోటలు దగ్గర ఆగాయి. మలుపు ఆవలి చివరన కుప్ప పోసిన గింజను మద్దక్క తూర్పార పట్టడం మొదలుపెట్టింది. తుండుగుడ్డ నెత్తికి చుట్టుకుని, చాట తలపైకెత్తి వంచుతుంటే గింజ నేరుగా కాళ్ల ముందు పడుతోంది, పొట్టు తెల్లటి పొగలా లేచి రోడ్డంతా కమ్ముతోంది. వాన ముందర గాలి. పని తొందర.

పురుషోత్తం గారు ఆ రోజుకు చివరి తనిఖీ అని జీపెక్కి, డ్రైవరుతో మలుపు తిరిగారు. నేను వెనక సీట్లో ఉన్నాను.

ఎదురుగా పొట్టు మేఘం. అందులోంచి నిలువెల్లా తెల్లటి ఆడమనిషి. మూడు రోజులుగా రోజూ చూసిన మనిషినే నేను కూడా ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. నిజం చెప్పాలంటే నా చెయ్యి కూడా నిమ్మకాయ కోసం వెతికింది. డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు. జీపు ముందు చక్రాలు గింజల కుప్పకు జానెడు దూరంలో ఆగాయి. మద్దక్క కుప్పకు అడ్డంగా దూకి, రెండు చేతులతో చాట పైకెత్తి ఊపింది.

"తొక్కకండి" అంది. ముప్పైరెండేళ్లలో తెల్లమ్మ మాట మార్చడం అదే మొదలు. గింజ అంతా రాలిపోయింది కదా మరి, ఇంక తొక్కించడం దేనికి.

పురుషోత్తం గారు సీట్లో బిగుసుకుపోయి ఉన్నారు. అక్కడి నుంచే అడిగారు. "మీరు... ఎవరు?"

"నేను సారూ, మద్దక్కను. మొదుట్నే చెప్తిని గదా."

ఆయన చేతులు జోడించారు. డ్రైవరు నిమ్మకాయ కిందికి వదిలాడు. జీపు వెనక్కి మళ్లింది. దారిలో పురుషోత్తం గారి ముఖంలోకి మళ్లీ నెత్తురు వచ్చింది.

ఆ నివేదిక ప్రతి ఒకటి స్థానిక వనరుల వ్యక్తిగా నాకూ వచ్చింది. అందులో ముఖ్యమైన భాగం ఇది:

"మూడవ దినము సాయంత్రము నాలుగు గంటల నలుబది నిమిషములకు, కార్యాలయ వేళలలోనే, సదరు దయ్యము ఉపసంఘ అధ్యక్షులకు దర్శనమిచ్చినది. ఎవరని ప్రశ్నించగా స్థానికురాలైన మద్దక్కనని బదులిచ్చినది. ఆమె గొంతును, యాసను సైతం యథాతథముగా అనుకరించినది. కావున జీవించియున్నవారి రూపమును ధరించు శక్తి ఈ దయ్యమునకు కలదని నిర్ధారించడమైనది. వాహనములు లేనిచో ఇది కనిపించదని రుజువైనందున, మలుపులో వాహన సంచారమును తక్షణము పునరుద్ధరించవలెను. ఉలవ పంట కోతకు వచ్చు కాలమున ఏటా మూడు దినముల పాటు ఇట్టి పరీక్ష జరుపవలెను."

ఆ రాత్రే వాన మొదలై మూడు రోజులు కురిసింది. ఖాళీ రోడ్డు మీద కురిసింది. ఉలవలన్నీ సంచుల్లో ఇళ్లలో ఉన్నాయి. వాన వెలిసిన పొద్దున మొదటి లారీ మలుపు దగ్గరికొచ్చి, గేరు తగ్గించి, నడక వేగానికి దిగి, నిమ్మకాయ విసిరి పోయింది. దస్తగిరి పాలు పొయ్యి మీద పెట్టాడు. బోర్డు ఇంకా ఉంది. కొడవలి తగిలించుకోవడానికి బాగుంటుందని మద్దక్క దాన్ని తీయనివ్వలేదు.

మరుసటి యేడు కార్తీకం పోగానే పురుషోత్తం గారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన ఇప్పుడు సంచాలకులు. ప్రత్యక్ష సాక్షి నంబరు ఒకటి గారు, ఈ సంవత్సరము తెల్లమ్మ ఏ తేదీన వచ్చు అవకాశము కలదో ముందుగా తెలియజేసినచో తగు ఏర్పాట్లు చేయబడునని సారాంశం.

హోటల్లో కూర్చుని చదివి వినిపించాను. మద్దక్క నిమ్మకాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తూ విన్నది.

"రాయప్పా బీయ్యే. పుష్యం మొదుట్ల వస్తాది అని రాయి."

రాశాను.

"ఈ యేడు కంది గూడ ఎక్కువ ఏసినాది అని రాయి. కందికట్టె గట్టిది. జీపులు చాలవు, బరువు బండ్లు పంపమను."

"తెల్లమ్మ కంది వేసిందని రాస్తే ఎట్లా పెద్దమ్మా, చచ్చిన మనిషి కదా?"

ఆమె చెయ్యి కడుక్కుని, ఒక చిన్న సీసాలో ఊరగాయ ఎత్తి మూత బిగించి, ఉత్తరంతో పాటు పంపమని నా ముందు పెట్టింది.

"నూటిరవై ఏండ్ల సీనియర్ను" అంది. "నా మాట కాదంటాడా?"